నిద్రకు హాజరుపట్టీ

నిద్రపోవువానిని లేపవచ్చును గాని, నిద్ర నటించువానిని లేపలేమని తెలుగునాట ఒక సామెత కలదు. ఈ సామెతలో రెండు సంగతులు ఇమిడియున్నవి. కన్నులు మూసికొని కదలక పడియున్న ప్రతివాడును నిద్రించుచున్నాడని చెప్పరాదనుట మొదటిది. ఆ భేదమును ప్రక్కనున్నవాడు పసిగట్టుట సులభము కాదనుట రెండవది. నిద్ర లోపల జరుగు వ్యవహారము. వెలుపలివారికి కనబడునది నిశ్చలత్వము మాత్రమే. బిడ్డల విషయమున తల్లులును, వెనుక బల్లమీది విద్యార్థుల విషయమున ఉపాధ్యాయులును అనాదిగా ఎదుర్కొనుచు వచ్చిన ఈ చిక్కును విప్పెదనని నేడొక చిన్న యంత్రము ముందుకు వచ్చినది. అది మణికట్టునకు తగిలించుకొను పట్టీ.

అంగడిలో దానిని స్మార్ట్ బ్యాండు అందురు. గడియారపు రూపున నున్నచో స్మార్ట్ వాచి అందురు. పగలు అది అడుగులను లెక్కించును. రాత్రి నిద్రను లెక్కించును. తెల్లవారి సెల్ ఫోను తెరచినచో లెక్క సిద్ధముగా నుండును. ఇన్ని గంటల ఇన్ని నిమిషముల నిద్ర. అందు తేలిక నిద్ర ఇంత, గాఢనిద్ర ఇంత, కలలు వచ్చు నిద్ర ఇంత, మధ్య మేలుకొన్నది ఇంత. అంతటితో ఆగక, చాల పట్టీలు చివర నూటికి ఇన్ని యని మార్కులను గూడ వేయును. బడిలో మార్కులకు జంకు పిల్లవానికి నిద్రలోను మార్కులు తప్పని కాలము వచ్చినది.

ఖమ్మము నగరమును ఆనుకొనియుండి, నేడా నగరపాలక సంస్థలోనే కలిసిపోయిన ఖానాపురం హవేలిలో ఒక యింటిని ఊహించుకొనవచ్చును. ఆ యింట నాయనమ్మ యున్నది. ఖమ్మము చుట్టుపట్ల గ్రానైటు రాతిని కోసి నునుపుచేయు కార్ఖానాలలో ఒకదానియందు రాత్రి పాళీ పనిచేయు తండ్రి యున్నాడు. పదవ తరగతి పరీక్షలు వ్రాయుచున్న కుమారుడున్నాడు. ముగ్గురి చేతులకును పట్టీలున్నవి. ఒక రాత్రి నాయనమ్మ రెండు గంటలకు మేలుకొని, విజయవాడవైపు పోవు రైళ్ళ కూతలను ఒకటొకటిగా వినుచు కోడికూత వరకు మెదలక పడియుండెను. పరీక్ష పిల్లవానికి నిద్రాభంగమగునని ప్రక్కకైనను ఒత్తిగిలలేదు. తెల్లవారినంతనే మనుమడు ఆమె పట్టీ లెక్కను ఫోనులో చూచి, "నాయనమ్మా, నువ్వు ఏడు గంటలు నిద్రపోయావు. నిద్ర పట్టట్లేదని ఊరికే అంటున్నావు" అని నవ్వెను. ఆమె బదులు చెప్పలేదు. పిమ్మట ఆ పిల్లవాడు తన లెక్క చూచుకొనగా నూటికి 58 మార్కులు కనబడెను. హాయిగా మేలుకొన్నవాడు, అంతవరకు తేటగానున్న మనస్సుగలవాడు, ఆ అంకెను చూచినంతనే దిగాలుపడి పరీక్షకు బయలుదేరెను. రాత్రి పాళీ ముగించుకొని వచ్చి పగలు రెండు విడతలుగా నిద్రించిన తండ్రి లెక్కలో ఒక విడత జమపడనేలేదు.

ఈ ముగ్గురును ఊహలోనివారే. కాని వారికి జరిగిన పొరపాటులు ఈ యంత్రముల స్వభావమునుండి పుట్టునవే. ఒకరికి లేని నిద్రను ఉన్నదని వ్రాయుట, మరియొకరి మంచి నిద్రను చెడ్డదని తీర్పుచెప్పుట, వేరొకరి నిద్రను నిద్రగానే గుర్తింపకుండుట. ఇంటివారు మనిషి మాటను త్రోసిపుచ్చి యంత్రము మాటను నమ్మినప్పుడు ఇవి కేవలము అంకెల తప్పులుగా నిలువవు. మనుష్యులకు చేసిన అన్యాయములగును. కావుననే ఈ పట్టీ మాట ఎంతవరకు నమ్మదగినదో విచారింపవలసియున్నది.

నిద్ర యంతయు ఒక్కతీరున నుండదని భారతీయులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. మాండూక్యోపనిషత్తు జాగ్రదవస్థను, స్వప్నమును, కలలులేని సుషుప్తిని వేరువేరుగా నెంచి, వానికి అతీతమైన తురీయమును గూడ చెప్పినది. చరకసంహిత ఆహారమును, నిద్రను, బ్రహ్మచర్యమును దేహమును నిలుపు మూడు ఊతలుగా పేర్కొన్నది. భర్త అడవికేగిన పదునాలుగేండ్లును నిద్రలో గడపిన ఊర్మిళ కథను తెలుగు స్త్రీలు తరతరములుగా పాడుకొనిరి. ఈ మూడింటియందును నిద్ర యనునది నిద్రించువాని అనుభవము. దానిని వెలుపలినుండి గుర్తించి కొలుచుట ఆధునిక శాస్త్రము చేపట్టిన పని.

ఆ పనికి పునాది వేసినది మెదడునందలి విద్యుత్తరంగముల పరిశీలన. జర్మను వైద్యుడు హాన్స్ బెర్గరు మనుష్యుని తలనుండి ఆ తరంగములను నమోదుచేసి 1929లో లోకమునకు ప్రకటించెను. 1953లో చికాగో విశ్వవిద్యాలయమున అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనువారు నిద్రలో కనుగ్రుడ్లు వడిగా కదలు ఘట్టములు కలవనియు, ఆ ఘట్టములలో లేపబడినవారు తాము కలలు కనుచుంటిమని తరచుగా చెప్పుదురనియు కనుగొనిరి. నిద్రాఘట్టములను గుర్తించుటకు 1968లో రెక్ట్‌షాఫెన్, కేల్స్ అనువారు ఒక నియమావళిని కూర్చిరి. 2007లో అమెరికా నిద్రావైద్య అకాడమీవారు దాని స్థానమున నూతన నియమావళిని వెలువరించిరి.

నేటికిని నిద్రకు ప్రమాణముగా చెల్లునది ఈ ప్రయోగశాలా పరీక్షయే. తలపై, కన్నుల ప్రక్క, గడ్డమువద్ద ఎలక్ట్రోడులను అంటించి, మెదడు తరంగములను, కనుగ్రుడ్ల కదలికను, కండరముల బిగువును రాత్రియంతయు నమోదుచేయుదురు. శ్వాసను, గుండెను గూడ కనిపెట్టుచుందురు. పిమ్మట నిపుణుడు ఆ రాత్రిని 30 సెకండ్ల తునుకలుగా విభజించి, ఒక్కొక్క తునుకను మెలకువ యనియో, తేలిక నిద్ర యనియో, గాఢనిద్ర యనియో, స్వప్ననిద్ర యనియో నిర్ణయించును. ఎనిమిది గంటల రాత్రికి 960 తునుకలగును. ఇంత శ్రద్ధతో చేసినను నిపుణుల మధ్య ఏకాభిప్రాయము సంపూర్ణముగా లేదు. 2013లో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో ఆ ఏకాభిప్రాయము నూటికి 83 దాపున నుండెను. మెదడు వ్రాసిన వ్రాతను చదువుచున్న నిపుణులే ఇంచుమించు ఆరు తునుకలలో ఒకదాని విషయమున భేదపడుచుండగా, మెదడును చూడనేచూడని పట్టీ తీర్పు ఎట్లుండునో ఎవరికివారే ఆలోచించుకొనవచ్చును.

పట్టీ చూచునది ముఖ్యముగా రెండింటిని. మొదటిది చేతి కదలిక. పట్టీలోని ఒక సూక్ష్మ పరికరము చేయి ఎంత కదలినదో క్షణక్షణము గుర్తించుచుండును. ఈ పద్ధతి వైద్యులకు క్రొత్తది కాదు. చేతి కదలికలను బట్టి నిద్రను అంచనావేయుట 1970 దశకమునుండి సాగుచున్నది. 1992లో అందుకొక గణితసూత్రము గూడ ప్రకటింపబడినది. రెండవది నాడి. పట్టీ అడుగున ఆకుపచ్చని వెలుతురు మినుకుమినుకుమనుచుండును. గుండె కొట్టుకొనినప్పుడెల్ల చర్మము క్రింది నాళములలో రక్తము పొంగి ఆ వెలుతురును ఎక్కువగా పీల్చుకొనును. తిరిగివచ్చిన వెలుతురులోని హెచ్చుతగ్గులను బట్టి పట్టీ నాడిని లెక్కించును. గాఢనిద్రలో నాడి నెమ్మదిగా నిలుకడగా నుండును. స్వప్ననిద్రలో దాని నడక మారుచుండును. ఈ గుర్తులను కలిపి, ఇది ఈ ఘట్టమై యుండునని పట్టీ ఊహించును. అది చూచినది కదలికను, నాడిని, చెప్పునది నిద్రను. ఈ రెంటి నడుమ నున్నది ఊహ.

ఊహ తప్పని కాదు. పొగను చూచి నిప్పును ఊహించుట తర్కశాస్త్రమున ప్రమాణమే. కాని పొగ యున్న ప్రతిచోట నిప్పు కలదను వ్యాప్తి చెడనంతవరకే ఆ అనుమానము చెల్లును. "కదలిక లేదు, కావున నిద్ర" అను అనుమానమునకు అట్టి వ్యాప్తి లేదు. నిద్ర పట్టనివాడును కదలక పడియుండగలడు. సాధ్యము లేనిచోటను కనబడు హేతువును సవ్యభిచారమని పేర్కొని తార్కికులు త్రోసివేయుదురు. నాడి సాక్ష్యము తోడగుటచే పట్టీ ఊహకు కొంత బలము చేకూరిన మాట నిజమే. అయినను అది అనుమానముగానే నిలిచినది, ప్రత్యక్షము కాలేదు.

ఈ అనుమానము ఎంతవరకు నిలిచినదో పరీక్షించినవారు లేకపోలేదు. అమెరికా నౌకాదళ ఆరోగ్య పరిశోధన కేంద్రమువారు 34 మంది ఆరోగ్యవంతులైన యువతీయువకులను ప్రయోగశాలలో నిద్రింపజేసి, ఏడు పరికరముల లెక్కలను ప్రమాణపరీక్షతో తునుక తునుకకు పోల్చిరి. ఆ యేడింటిలో నాలుగు చేతికి ధరించునవి. తక్కినవి పడకలోగాని మంచము దాపునగాని ఉంచునవి. ఫలితములు 2021లో వెలువడెను. నిజముగా నిద్రించుచున్న తునుకలలో నూటికి 93, అంతకు మించియు, అన్ని పరికరములును సరిగా గుర్తించినవి. కాని నిజముగా మేలుకొనియున్న తునుకలలో అవి గుర్తింపగలిగినది నూటికి 18 మొదలు 54 వరకు మాత్రమే. నిద్రాఘట్టముల విభజనలో ఒక్కొక్క పరికరము ఒక్కొక్క తీరున నడచినది.

నూటికి 93 అనిన అంకెను చూచి మురియువారు ఒక ఉపాధ్యాయుని ఉదాహరణమును తలచుకొనవలెను. తరగతిలో 40 మంది పిల్లలు. ఒకనాడు 38 మంది వచ్చిరి. ఉపాధ్యాయుడు తలయెత్తి చూడకయే 40 మందికిని హాజరు వేసెను. అతని హాజరుపట్టీ నూటికి 95 పాళ్ళు సరియైనదే! వచ్చినవారిలో ఒక్కనిని గూడ అతడు విడువలేదు. కాని హాజరుపట్టీ యున్నది దేనికొరకు? రానివాడెవడో తెలిసికొని, ఏల రాలేదో విచారించుటకొరకు గదా! ఆ పనిలో ఆ పట్టీ పూర్తిగా విఫలమైనది. చేతిపట్టీ వ్రాయు హాజరును ఇంచుమించు ఇట్టిదే. నిద్ర వచ్చిన నిమిషములను అది చక్కగా వ్రాసికొనును. నిద్ర రాని నిమిషములలో సగమునకు మించి గూడ హాజరు వేసివేయును.

దీని పర్యవసానము లెక్క వేసినగాని బోధపడదు. నిద్ర తునుకలలో నూటికి 95, మెలకువ తునుకలలో నూటికి 40 గుర్తింపగల పట్టీ యొకటి కలదనుకొనవచ్చును. ఒకడు ఎనిమిది గంటలు పడకపైనుండి, అందు 7 గంటల 36 నిమిషములు నిద్రించెను. 24 నిమిషములు మాత్రము మేలుకొనియుండెను. పట్టీ అతని లెక్కను 7 గంటల 28 నిమిషములుగా చూపును. తేడా ఎనిమిది నిమిషములే, మెచ్చుకొనదగిన లెక్క. మరియొకడు అంతే సేపు పడకపైనుండి, ఆరు గంటలు నిద్రించి రెండు గంటలు కన్నులు మూసికొని మేలుకొనియుండెను. అదే పట్టీ అతనికి 6 గంటల 54 నిమిషముల నిద్రను చూపును. ఇట తేడా 54 నిమిషములు. బాగుగా నిద్రించువానికి పట్టీ నిజము చెప్పును. నిద్ర లేక అలమటించువానికి అబద్ధము చెప్పును. అవసరము లేనివానికి నమ్మకస్తుడు, అవసరమున్నవానికి మోసగాడు. పరికరమునందలి లోపము ఇంతకంటె ఎక్కువగా చెప్పనక్కరలేదు.

నాయనమ్మకు జరిగినది ఇదియే. ఆమె కదలక పడియున్న గంటలన్నియు నిద్రగా జమపడినవి. నిద్రలేమి గలవారు తాము నిద్రించిన కాలమును తక్కువగా చెప్పుటయు కలదని వైద్యులకు తెలియును. కావున ఆమె చెప్పిన గంటలు నిమిషములతో సహా సరియైనవని వాదింపనక్కరలేదు. కాని నిద్రలేమి యను బాధను వైద్యులు నిర్ణయించునది ప్రధానముగా రోగి చెప్పిన వృత్తాంతమును బట్టియే. ముదిమిలో నిద్ర చెడుటకు నొప్పులు, దిగులు, మందులు, శ్వాసదోషములు మొదలగు అనేక కారణములుండవచ్చును. "పట్టీ బాగున్నదని చెప్పినది" అను ఒక్క మాటతో ఆ తలుపులన్నియు మూసికొనిపోవును. అమెరికా నిద్రావైద్య అకాడమీవారు 2018లోనే ఇట్టి సాధనములు వైద్యపరీక్షకు బదులు కాజాలవని స్పష్టముగా ప్రకటించిరి. 2024లో సామ్‌సంగు, ఆపిల్ సంస్థల గడియారములందలి ఒక్కొక్క సదుపాయమునకు అమెరికా ప్రభుత్వపు ఆహార, ఔషధ పాలనాసంస్థ అనుమతి ఇచ్చినది. అదియును నిద్రలో శ్వాస ఆగుచుండు వ్యాధి చిహ్నములను పెద్దలకు హెచ్చరికగా తెలుపుటకే గాని వ్యాధినిర్ధారణకు కాదు.

ఇక పరీక్షకు పోయిన పిల్లవాని సంగతి. నూటికి ఇన్ని మార్కులని వేయు పద్ధతి ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్కటి. ఒకే రాత్రికి రెండు పట్టీలు రెండు తీరుల మార్కులు వేయవచ్చును. దిద్దినవాడెవడో, దేనికెన్ని మార్కులో ఎరుగని పరీక్ష యిది. అయినను దాని ప్రభావము తక్కువది కాదు. 2014లో అమెరికాలోని కొలరాడో కళాశాలలో ఒక ప్రయోగము జరిగినది. నీవు రాత్రి బాగుగా నిద్రించితివని కొందరికి, సరిగా నిద్రింపలేదని కొందరికి, నిజముతో నిమిత్తము లేకుండ చెప్పి, పిమ్మట బుద్ధిపరీక్షలు పెట్టిరి. బాగుగా నిద్రించితివను మాట విన్నవారు మెరుగుగా చేసిరి. నిద్రలేమి గలవారికి చేతి పరికరము లెక్కయని చెప్పి కల్పిత ఫలితములను చూపగా, చెడు ఫలితము చూచినవారు ఆ పగలెల్ల ఎక్కువ నిస్సత్తువతోను, తక్కువ ఉత్సాహముతోను గడపిరని 2018లో బ్రిటనుకు చెందిన పరిశోధకులు ప్రకటించిరి. పట్టీ లెక్కను చక్కదిద్దుకొనవలెనను ఆరాటమే నిద్రను చెరచుటను గమనించి, అమెరికాలోని వైద్యులు కొందరు 2017లో దానికి ఆర్థోసోమ్నియా అని పేరుపెట్టిరి. ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖమెరుగదు అను సామెత గల నాట, నిద్రకు వెరచి నిద్ర చెడగొట్టుకొనుట విచిత్రమే. పరీక్షనాటి ఉదయమున తేటగా లేచిన పిల్లవాని చేతికి 58 అను అంకె నిచ్చుట, పరీక్షకు ముందే ఒక పరీక్షలో తప్పించుట.

తండ్రి విషయము వేరు. పట్టీలు తయారుచేయువారి మనస్సులో నున్న మనుష్యుడు రాత్రి పది గంటలకు పడుకొని ఒక్కబిగిని తెల్లవారి లేచువాడు. ఖమ్మము, భద్రాచలము ప్రాంతపు మనుష్యులందరి నిద్ర ఈ మూసలో ఒదుగదు. కొత్తగూడెము కేంద్రముగా నున్న సింగరేణి గనులలో పని మూడు పాళీలుగా సాగును; పాళీ మారినప్పుడెల్ల నిద్రవేళ మారును. అడవి అంచు గ్రామములలో అడవిపందులనుండి పంటను కాచుటకు మంచెమీద రాత్రులు గడపువారున్నారు. వారి నిద్ర తునకలు తునకలుగా తెగినది. పగటి నిద్రను, చిన్న కునుకులను పట్టీలు కొన్ని వదలివేయును. పైని చెప్పిన 34 మంది యువకుల పరీక్షాఫలితమును ఈ జనులకు ఉన్నదున్నట్లు అన్వయించుటయు సాహసమే. చర్మపు రంగు సంగతియు మరువరాదు. వ్రేలికి తగిలించి రక్తమందలి ప్రాణవాయువును వెలుతురుతో కొలుచు పరికరము, కంటబడకుండ పోయిన ప్రాణవాయు లోపమును నల్లజాతి రోగులలో తెల్లవారికంటె దాదాపు మూడు రెట్లు తరచుగా విడిచిపుచ్చినదని 2020లో అమెరికాలో తేలినది. నేడు పట్టీలు పెక్కు నిద్ర లెక్కలోనే ప్రాణవాయువు అంకెను గూడ చూపుచున్నవి గనుక, ఆ అంకెను చూచి భయపడుటకు గాని నిశ్చింతపడుటకు గాని ముందు ఈ సంగతి జ్ఞప్తికి రావలెను.

ఖమ్మము మిర్చి యార్డునకు బస్తాలు తెచ్చిన రైతు కాటాపై ప్రభుత్వ ముద్ర కొరకు చూడగలడు. 2009 నాటి తూనికలు కొలతల చట్టము ప్రకారము క్రయవిక్రయములకు వాడు కాటాను గడువు తప్పక పరీక్షింపించి ముద్ర వేయింపవలెను. అనుమానము వచ్చినచో రైతు అడుగగలడు, ఫిర్యాదు చేయగలడు. నిద్రను తూచు పట్టీకి అట్టి ముద్ర లేదు. నిద్రానిర్వహణ వంటి సామాన్య క్షేమమునకై అమ్ముడగు అల్పప్రమాద పరికరములను వైద్యపరికరములవలె పరీక్షింపబోమని అమెరికా పాలనాసంస్థ 2016లోనే తన విధానమును తెలిపినది. బస్తా మిర్చికి ఉన్న రక్షణ రాత్రి నిద్రకు లేదు. కావున ఆ రక్షణను ధరించువారే తమ వివేకముచే సమకూర్చుకొనవలెను.

ఇంతమాత్రమున పట్టీని విసరివేయవలెనని తాత్పర్యము కాదు. ఆరోగ్యవంతునికి అది చూపు మొత్తము గంటలు దగ్గరదగ్గరగా సరిపోవును. ఏ రాత్రి ఎన్నింటికి పడుకొన్నాడు, ఎన్నింటికి లేచినాడు అను సంగతిని అది ఓపికగా వ్రాసిపెట్టును. ఒక్క రాత్రి అంకె నమ్మదగినది కాకున్నను, నెల దినముల సగటులో నిద్రవేళ వెనుకకు జరుగుచున్నదా, ఆదివారములందు లెక్క తప్పుచున్నదా అను సంగతి తెలియును. 13 మొదలు 18 ఏండ్ల వయస్సువారికి రోజునకు 8 నుండి 10 గంటలును, 6 మొదలు 12 ఏండ్లవారికి 9 నుండి 12 గంటలును నిద్ర అవసరమని అమెరికా నిద్రావైద్య అకాడమీవారు 2016లో నిర్ణయించిరి. పదవ తరగతి పిల్లవాడు ఐదు గంటలే పడకపై నుండుచున్నాడని పట్టీ చూపినచో, ఆ మాటను నమ్మవలెను. దానికి మెదడు తరంగములు అక్కరలేదు, గడియారము చాలును. అట్టి సందర్భమున తప్పు పిల్లవానిది గాని పట్టీది గాని కాదు. రాత్రి పదకొండు వరకు చదివించి తెల్లవారుజామున నాలుగింటికి లేపు పెద్దలది. గాఢనిద్ర ఇన్ని నిమిషములు, స్వప్ననిద్ర ఇన్ని నిమిషములు అను లెక్కను మాత్రము వేడుకకు చూచి వదలివేయుట మేలు.

బడిలో దీనిని మంచి పాఠముగా మలచవచ్చును. పట్టీ గల విద్యార్థి పదునాలుగు రాత్రులు ఒక పుస్తకమున పడుకొన్న వేళను, నిద్రపట్టినట్లు తోచిన వేళను, మధ్య మేలుకొన్న సందర్భములను, లేచినప్పటి హుషారును వ్రాసికొనవలెను. ఇవన్నియు పట్టీ లెక్క చూడకముందే వ్రాయవలెను. చూచిన పిమ్మట వ్రాసినది సాక్ష్యము కాదు, ప్రతిధ్వని. రెండు మూడు రాత్రులు దీపమార్పి, కన్నులు మూసికొని, అరగంట సేపు కదలక మేలుకొనియుండి, మనస్సులో ఎక్కములు వల్లించుకొనవలెను. ఆ అరగంటకు పట్టీ ఏమని హాజరు వేసినదో తెల్లవారి చూడవలెను. పదునాలుగు దినముల తేడాలను సగటు కట్టి గోడపై అంటించినచో, కొలుచు సాధనమును గూడ కొలువవలెనను విజ్ఞానశాస్త్రపు మొదటి పాఠము పైసా ఖర్చు లేక బోధపడును. పరికరము నిజము చెప్పినదా అని ప్రశ్నించుట నేర్చిన పిల్లవాడు రేపు వార్తను, ప్రకటనను, ఎన్నికల వాగ్దానమును గూడ అట్లే ప్రశ్నింపగలడు.

ఖానాపురం హవేలిలోని ఆ యింట జరుగవలసిన మార్పు చిన్నది. తెల్లవారి లేచినప్పుడు ఫోను తీయుటకు ముందు నాయనమ్మను అడుగవలెను: "రాత్రి నిద్ర పట్టిందా?" ఆమె చెప్పినది విన్న తరువాత పట్టీ చెప్పినది చూడవచ్చును. రెండు మాటలును కలిసినచో సంతోషమే. కలియనప్పుడు, ఆ గదిలో తెల్లవార్లు పడియున్నది ఎవరో, ఆమె చేతికి వ్రేలాడినది ఏదో జ్ఞప్తి చేసికొని, ఆమె మాటకు మొదట హాజరు వేయవలెను.